ఎవరూ అడగని సైకిలు

"నాకు ఎవ్వరూ అడగని సైకిలు కావాలె" అన్నాడు హాతీరాం.

చక్రం బెండు తీస్తున్న హీరాలాల్ చేతులు ఆగిపోయాయి. ఖమ్మం స్టేషన్ రోడ్డులోని ఆ షాపులో అతను పదేళ్లుగా ఫిట్టరు. గట్టి సైకిలు కావాలన్నవాళ్లను చూశాడు, చవగ్గా కావాలన్నవాళ్లను చూశాడు, ఎండలో తళతళలాడాలన్నవాళ్లనూ చూశాడు. ఇలాంటి గిరాకీ మాత్రం ఇదే మొదలు. అదీ సొంత అక్క మొగుడి నోటివెంట.

"పాత సైకిలేమాయె బావా?"

"ఫోర్కు ఇరిగింది. చెంచురామయ్యగారి పొగాకు కొట్టంల పడున్నది."

"నీ సైకిలు ఆయన కొట్టంలకు ఎట్ల పోయింది?"

"ఆయన తమ్ముని కొడుకు లేడూ, వెంకటనారాయణ. అడిగిండు, ఇచ్చిన. సినిమాకి పోయి తాగొచ్చి కాలువల దూకిచ్చిండు."

"ఇయ్యనని చెప్పకపోయినవా?"

చెప్పడానికేముంది? రామన్నగూడెం పక్క లంబాడి తండావాడి దగ్గర సైకిలుంటే అది ఊరందరిదీ. ఎరువుల చిట్టీకని ఒకడు, చుట్టాన్ని బస్సెక్కించాలని ఒకడు, ఏమీ తోచక ఒకడు. చూరు కింద నుంచి సైకిలు తీస్తూ "తీస్కపోతన్నా" అని ఒక్క మాట చెప్పేవాళ్లు మర్యాదస్తుల కింద లెక్క. తిరిగొచ్చేటప్పుడు ఒకనాడు గాలి ఉండేది కాదు, ఒకనాడు బెల్లు ఉండేది కాదు.

ఓర్చుకోవాలంటే ఎన్నాళ్లయినా ఓర్చుకోవచ్చు. కానీ ఉద్యోగం ఓర్చుకోదు కదా! హాతీరాం మలేరియా వర్కరు. రోజూ తండా నుంచి ఏన్కూరు దవాఖానాకి పోవాలి, అక్కడి నుంచి ఊళ్లు తిరగాలి. పదిహేను రోజులకోసారి అడవి గూడేలకు రెండు రోజుల టూరు. జ్వరమొచ్చినవాళ్ల వేలు సూదితో పొడిచి గాజుపలక మీద నెత్తురుచుక్క తీసుకోవాలి, గోళీలియ్యాలి, ప్రతి ఇంటి గోడ మీదా గీసిన గళ్లలో తేదీ వేసి సంతకం పెట్టాలి. ఉద్యోగం ఇంకా టెంపరరీయే. "సైకిలు లేని వర్కరు నాకెందుకయ్యా?" అని ఇన్‌స్పెక్టరు మొహమ్మీదే అన్నాడు. చింతగుంపు గూడెంలో అయిదుగురి నెత్తురులో మలేరియా తేలింది. శుక్రవారం నుంచి మంగళవారం దాకా అయిదు రోజులు వరసగా పోయి, కళ్లముందు గోళీలు మింగించాలి. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. మంగళవారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరే జీపులో వచ్చి గోడలు చూస్తాడు. తండా నుంచి చింతగుంపుకి పద్దెనిమిది కిలోమీటర్లు. అందులో సగం అడవి బాట, మధ్యలో రెండు వాగులు. అటు బస్సు పోదు. తండాలో ఇంకో సైకిలు లేదు.

ఇవాళ గురువారం.

హీరాలాల్ వరసగా చూపించాడు. గొలుసులకు వేలాడుతున్న కొత్త నల్ల సైకిలు, హాతీరాం రెండు మేకలమ్మి తెచ్చిన డబ్బుకు అందేది కాదు. అందినా, "దీన్ని తీస్కపోతే మా ఊరికి నిద్ర పట్టదు" అన్నాడు హాతీరాం. సన్నటైర్ల పాత స్పోర్ట్స్ సైకిలు చూపించాడు. హాతీరాం వంగి టైరును బొటనవేలితో నొక్కి చూసి, ముళ్లబాటలో రెండు పూటలాగదని తేల్చేశాడు. పాలవాళ్లు తొక్కే బరువు సైకిలుంది, దాని చక్రాల పుల్లలు వేలంత లావున ఉన్నాయి. దాన్ని భుజానికెత్తి చూసి దించేశాడు. వాగులు దాటేటప్పుడు సైకిలే మనిషినెక్కుతుంది.

అప్పుడు కంటబడింది, షాపు వెనక రేకుల కింద గోడకి ఆనించి ఉన్న ఎర్రటి లేడీస్ సైకిలు ఫ్రేము. చక్రాల్లేవు, హ్యాండిలు లేదు.

"ఏంది బావా, మంగ్లక్కను సైకిలెక్కిస్తవా?" అని నవ్వాడు హీరాలాల్.

హాతీరాం గొంతుక్కూర్చుని ఫ్రేమును తడిమాడు. మధ్యలో అడ్డకడ్డీ లేదు. క్యారియరు మీద గాజుపలకల పెట్టె కట్టాక కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం ఎంత బాధో, ఎన్నిసార్లు పెట్టెను తన్నాడో అతనికే తెలుసు. దీన్నయితే ముందు నుంచే ఎక్కొచ్చు. తేలిగ్గా ఉంది. ఆ వంపు భుజం మీద సరిగ్గా కూర్చుంది.

"హీరా, దీన్ని మగోడెవడన్న అడుగుతడా?"

హీరాలాల్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయి బావ మొహం చూశాడు. "మరి నువ్వెట్ల ఎక్కుతవ్? ఊరంతా నవ్వుతది."

"నవ్వనీ. నవ్వితే టైర్ల గాలి పోదు."

ఇక హీరాలాల్‌కి హుషారొచ్చింది. లేడీస్ ఫ్రేముకి పాలవాడి వెనక చక్రం ఎక్కించాడు. ముందు చక్రమూ, నడుం వంచక్కర్లేని తిన్నటి హ్యాండిలూ స్పోర్ట్స్ సైకిలువి పీకాడు. ముందు చక్రానికి మాత్రం వెతికి వెతికి మందం టైరు పట్టాడు. చక్రాన్ని గిర్రున తిప్పి సుద్దముక్క ఆనించేవాడు, గీత పడ్డచోట పానాతో పుల్ల బిగించేవాడు, మళ్లీ తిప్పేవాడు. బ్రేకు రబ్బర్లు కొత్తవి వేశాడు. పొద్దు వాలేసరికి ఎర్ర ఫ్రేము, ఆకుపచ్చ చైను కవరు, తుప్పు గోకిన క్యారియరుతో ఏ కంపెనీ పేరూ లేని ఒక వింత సైకిలు తయారైంది. హాతీరాం దానిమీద స్టేషన్ దాకా ఒక చుట్టు తిరిగొచ్చాడు. దారిలో ఇద్దరు ఈలవేశారు. అతని మొహం వెలిగిపోతోంది.

*

ఆ రాత్రి సైకిలు చూసి భార్య మంగ్లి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "గాజులు గూడ ఏసుకపో" అంది. అంటూనే కొంగుతో సీటు తుడిచింది.

శుక్రవారం పొద్దున్నే రామన్నగూడెం హోటలు ముందు వెంకటనారాయణ కాచుకుని ఉన్నాడు. ఏన్కూరులో ఏదో పనుందిట. తండాలోకి కొత్త సైకిలొచ్చిందన్న కబురు రాత్రికే చేరింది. చెయ్యి చాపుతూ నాలుగడుగులు ముందుకొచ్చి, సైకిలును పూర్తిగా చూసి, ఆ చెయ్యి అలాగే వెనక్కి తీసుకున్నాడు.

"థూ! ఇదేం సైకిల్రా? చీర కూడా కట్టుకురాకపోయావా?"

హోటలంతా ఘొల్లుమంది. "హాతీరమ్మా, జాకెట్టేదే?" అన్నాడొకడు. హాతీరాం కూడా వాళ్లతోపాటు ఇకిలించాడు. వెంకటనారాయణ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్నెక్కి పోతే నా పరువేం గాను?" అని గొణుక్కుంటూ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక హాతీరాంకి అంత తియ్యటి తిట్టు తగల్లేదు. ఊరు దాటేదాకా ఓపిక పట్టి, దాటాక బెల్లు ఒకటే మోగించాడు.

సైకిలు మనసెరిగి నడిచింది. తొలకరి పడి అడవి బాట మెత్తబడింది, వెనక చక్రం ఇసుకలో దిగబడకుండా లాక్కుపోయింది. రెండు వాగులూ భుజాన వేసుకుని దాటాడు. రెండు గంటల్లోపే చింతగుంపులో ఉన్నాడు.

జంపక్క గుడిసె ముందు ఎండలో మంచం వేసుకుని, గొంగడి కప్పుకుని వణుకుతోంది. ముప్పై ఏళ్ల మనిషి. రోజు విడిచి రోజు వచ్చే జ్వరానికి చెంపలు లోపలికి పోయాయి. అడవిలో తునికాకు కోసి కట్టలు కట్టే చేతులు ఇప్పుడు చెంబు కూడా ఎత్తలేకపోతున్నాయి.

"సారూ, ఆడమనిషి సైకిలా?" అంది, అంత వణుకులోనూ.

"అవ్. నువ్వు లేస్తే నీకూ నేర్పిస్త."

గోళీ నాలిక మీద పెట్టి, నీళ్లు తాగించి, గొంతు కదలడం చూసి, "నోరు తెరువు" అన్నాడు. నాలిక ఎత్తించి చూశాడు. చేదని చెప్పి దవడలో దాచుకుని అవతల ఊసేవాళ్లుంటారు. అలా అయిదుగురికీ మింగించి, అయిదిళ్ల గోడల మీదా తేదీలు వేశాడు. శనివారం కూడా అంతే. రెండో గోళీ పడ్డాక జంపక్క మంచం దిగి గోడకానుకుని కూర్చుంది. "రేపు పెందలాడే రా సారూ, జొన్న అంబలి కాస్తా" అంది.

*

శనివారం సాయంత్రం తిరిగొస్తుంటే చెంచురామయ్య వాకిట్లో నుంచి కేకేశాడు. కృష్ణాజిల్లా నుంచి వచ్చి అడవి అంచున పొగాకూ మిరపా వేసి స్థిరపడిన మనిషి. తండాలో సగం ఇళ్లు ఆయన చేలోనే పనిచేస్తాయి.

"ఏరా, లేడీస్ సైకిలు కొన్నావంటగా?"

హాతీరాం సైకిలు దిగాడు. మగవాళ్లెవరూ అడగరనుకున్నాడే గానీ, ఈ వైపు ఆలోచించలేదు. అరుగు మీద స్తంభాన్ని పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. ప్రమీలారాణి, చెంచురామయ్య కూతురు. పదమూడేళ్లుంటాయి. కళ్లన్నీ సైకిలు మీదే ఉన్నాయి.

"మా పిల్ల ఏడు పాసైంది. ఎనిమిదికి ఏన్కూరు పోతానని ఒకటే గోల. బుధవారం బడి తెరుస్తారు. ఈలోపు సైకిలు తొక్కడం వస్తే పంపిస్తా, లేకపోతే నోరుమూసుకుని ఇంట్లో కూర్చోమన్నా. నేర్చుకోడానికి కొత్తది కొని ఎవడు తగలేస్తాడు? దేవుడల్లే నువ్వు కొన్నావు. ఇక్కడ పెట్టి వెళ్లు. పొద్దున్నే వచ్చి నువ్వే నేర్పు."

"అయ్యా, గోళీలియ్యాలె. మంగళారం దాంక రోజూ చింతగుంపు పోవాలె. మంగళారం ఇన్‌స్పెక్టరు సారొస్తడు. ఆ తర్వాత ఎన్ని రోజులైన ఉంచుకోండి."

"బుధవారం బడయితే మంగళవారం తర్వాత నేర్చుకుంటదా?" చెంచురామయ్యకు నిజంగానే అర్థం కాలేదు. "నడిచి పోరా. మీ తాతలు ఎడ్లమీద ఉప్పేసుకుని దేశాలు తిరిగినోళ్లు. నీకు ఈ మాత్రం నడకా చేతకాదా?"

వాకిట్లో పనిచేస్తున్న పాలేరు నవ్వాడు.

"అసలా ఉద్యోగానికి నీ పేరు ఎవరు చెప్పార్రా దవాఖానాలో?" అని నెమ్మదిగా అడిగాడు చెంచురామయ్య.

"మీరే అయ్యా."

"మరి!"

హాతీరాం సైకిలుకి స్టాండు వేశాడు. క్యారియరు మీది పెట్టెను విప్పుకుని నెత్తిన పెట్టుకున్నాడు. అతను వీధి మలుపు తిరక్కముందే వెనక నుంచి బెల్లు మోగింది.

*

ఆదివారం తెల్లారేసరికి మిరపకల్లంలో పాఠం మొదలైంది. పిల్ల సీటెక్కి కూర్చుంది. హాతీరాం క్యారియరు పట్టుకుని వెనక పరుగెత్తాడు. తన సైకిలు వెనక తానే పరుగెత్తడం! చూసేవాళ్లకు బలే వేడుకగా ఉంది. అరుగు మీద కాఫీ తాగుతూ వెంకటనారాయణ, "హాతీరమ్మా, ఇంకా స్పీడు!" అని అరిచాడు.

"హాతీరామన్నా, పట్టుకున్నావా?" ప్రతి చుట్టుకీ అడుగుతుంది ప్రమీలారాణి.

"పట్టుకున్న పాపా. కిందికి జూడకు, ముందుకు జూడు."

"చెప్పకుండా వదలకూడదు. ఒట్టెయ్యి."

"చెప్పే వదుల్త."

పిల్ల చెడ్డది కాదు. రొప్పుతున్నాడని చూసి తనే దిగి మంచినీళ్లు తెచ్చిచ్చింది. "అమ్మాయికి సైకిలెందుకు, బడెందుకు అని నానమ్మ రోజూ పోరుతుంది. నాకు సైకిలు రాకపోతే నానమ్మ మాటే నెగ్గుతుంది. వచ్చేస్తది కదన్నా?" అంది. హాతీరాం తలూపాడు. గ్లాసు ఆమె చేతికియ్యలేదు, అరుగు అంచున పెట్టాడు. ఆ వాకిట్లో అదే అలవాటు.

ఎనిమిదింటికి వదిలారు. పెట్టె నెత్తిన పెట్టుకుని చింతగుంపు చేరేసరికి ఒంటిగంట దాటింది. జంపక్క కాచిన అంబలి పులిసిపోయింది. "సైకిలేది సారూ?" అంది. "ఇంటికాడున్నది" అన్నాడు. గోళీలు మింగించాడు. తిరుగుదారిలో చెప్పు తెగింది.

సోమవారం ఇంకా అధ్వాన్నం. పిల్లకి పట్టు దొరుకుతోందని చెంచురామయ్య తొమ్మిదిన్నర దాకా వదల్లేదు. హాతీరాం ఉత్త కాళ్లతో కంకర రోడ్డూ అడవి బాటా నడిచి మూడింటికి గుంపు చేరితే, అయిదుగురిలో ముగ్గురు లేరు. నీకోసం చూసి చూసి చేలకు పోయారు అన్నారు. జంపక్క కర్ర పట్టుకుని లేచి, తూలుతూ, తనే చేలగట్ల వెంట పోయి ఒక్కొక్కరినీ కేకేసి పిలుచుకొచ్చింది. అందరికీ నాలుగో గోళీ పడేసరికి పొద్దు వాలింది.

"రేపు పదకొండుకి సారొస్తడు" అన్నాడు హాతీరాం, ఎవరితోనో అన్నట్టు.

"నువ్వొస్తవా?" అంది జంపక్క.

రేపు కూడా పాఠం ఉంది. పాఠం అయ్యాక నడిస్తే మధ్యాహ్నం దాటుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చేటప్పటికి గోడ మీద అయిదో తేదీ ఉండదు, మనిషీ ఉండడు.

బాగా రాత్రయ్యాక తండాకి పోతూ, ఇంకా దీపం వెలుగుతున్న చెంచురామయ్య వాకిట్లో ఆగాడు. రేపొక్కరోజు సైకిలిమ్మని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు. నోరు తెరిచేలోపు ఆయనే, "వచ్చావా? మంచిదే. పిల్లకి వచ్చేసినట్టే. రేపు రోడ్డు మీద ఒకసారి తొక్కిస్తే చాలు. ఈ సైకిలు దానికి బాగా అమిరింది, ఇక ఇదే ఉంచేద్దాం. కొట్టంలో నీ పాత సైకిలుందిగా, ఫోర్కు వేయించుకో" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడు! హాతీరాంకి ఒళ్లంతా మంటెత్తింది. ఆ మంట ఎక్కడా బయటపడనివ్వకుండా, "అట్లనే అయ్యా" అన్నాడు. ఇంటికి పోయి తిండి ముట్టలేదు. మంగ్లి వేడినీళ్లలో ఉప్పేసి అతని పాదాలు కడుగుతూ చెంచురామయ్య ఏడు తరాలనూ తిట్టింది. తిట్లకేం, వినే దూరంలో ఎవరూ లేరు.

*

మంగళవారం తెల్లవారుజామున వాన పడి కల్లం బురదైంది. అందుకని రోడ్డు మీదికి వచ్చారు. ఇంటి ముందు నుంచి తూము దాకా రోడ్డు కాస్త పల్లంగా, తిన్నగా పోతుంది. తూము పక్కన రోడ్డు పనికని కంకర పోశారు. చెంచురామయ్య ఇంకా స్నానం చేస్తున్నాడు.

"హాతీరామన్నా, రేపే బడి" అంది ప్రమీలారాణి సీటెక్కుతూ. రెండు జడలు వేసుకుంది, కొత్త రిబ్బన్లు కట్టుకుంది.

పట్టుకుని పరుగెత్తాడు. పది అడుగులు, ఇరవై అడుగులు. పగిలిన మడమలు నేల తగిలినప్పుడల్లా ప్రాణం పోతోంది. ముప్పై అడుగులయ్యాక అతనికొకటి తెలిసింది. చేతి మీద బరువు లేదు. క్యారియరు మీద వేళ్లు ఊరికే ఆనుతున్నాయి. పిల్లని తను మొయ్యడం లేదు, పిల్లే తనను లాక్కుపోతోంది.

వేళ్లు తీశాడు. నిలబడిపోయాడు.

సైకిలు తిన్నగా పోతోంది. వేపచెట్టు దాటింది. ఎరువుల గోడౌను దాటింది. వీపు నిటారుగా, మోచేతులు వదులుగా, ఎన్నేళ్లనుంచో తొక్కుతున్న పిల్లలాగా పోతోంది. పోతూ పోతూ బెల్లు కొట్టి, వెనక మనిషి ఉన్నాడనుకుని, "ఇవాళ నీకు ఆయాసం రావట్లేదేం హాతీరామన్నా?" అని నవ్వుతూ అడిగింది. ఆ మాట అతనికి స్పష్టంగా వినబడింది.

వచ్చేసింది. పిల్లకి సైకిలొచ్చేసింది. రేపు ఈ సైకిలు ఏన్కూరు బడికి పోతుంది, ఎల్లుండీ పోతుంది, పదో తరగతి దాకా పోతూనే ఉంటుంది. ఇవాళ పదకొండింటికి జీపు చింతగుంపులో ఆగుతుంది. హాతీరాం చూస్తూ నిలబడ్డాడు. ముందు చక్రం తూము దగ్గరికి వచ్చింది. పక్కనే కంకర కుప్ప ఉంది. చెప్పదలచుకుంటే ఆ మాట వేపచెట్టు దగ్గర చెప్పొచ్చు. తూము దాటి రోడ్డు వెడల్పయ్యాక చెప్పొచ్చు. అసలు చెప్పకపోయినా పోయేదేం లేదు.

"వదిలేసిన పాపా!" అని గొంతు చించుకుని అరిచాడు.

పిల్ల వెనక్కి తిరిగింది. అంత దూరాన ఒంటరిగా నిలబడ్డ మనిషిని చూసింది. హ్యాండిలు గిర్రున తిరిగిపోయింది.

హాతీరాం పరుగెత్తాడు. కంకర మీద పిల్ల ఒక పక్క, సైకిలు ఒక పక్క పడున్నాయి. అతని చెయ్యి ముందు సైకిలు మీదికి పోయింది. ఎత్తాడు. చక్రం తిరుగుతోందా, ఫోర్కు బాగుందా అని చూశాడు. ఆ తర్వాత పిల్ల వైపు తిరిగాడు. ప్రమీలారాణి ఏడవడం లేదు. కుడి మోచెయ్యి ఉండకూడని వైపుకి వంగి ఉంది. పిల్ల అతని మొహం వైపే చూస్తోంది, అతను ముందు దేన్ని ఎత్తాడో చూసింది.

చెంచురామయ్య తడిబట్టలతో పరుగెత్తుకొచ్చాడు. వెంకటనారాయణ వచ్చాడు. లోపల నుంచి ఆడవాళ్ల శోకాలు మొదలయ్యాయి. చెంచురామయ్య హాతీరాం గల్లా పట్టుకున్నాడు.

"చెప్పకుండా వదిలావట్రా నా కొడకా?"

"చెప్పాడు నాన్నా" అంది ప్రమీలారాణి, పళ్లు కరుచుకుని. "చెప్పే వదిలాడు."

గల్లా వదిలింది ఆయన చెయ్యి. కోపం పోవడానికి ఇంకో దారి కావాలి కదా, సైకిలును ఒక్క తన్ను తన్నాడు. "మూడు ముక్కల దరిద్రపు సైకిలు! తీసుకుపో. మళ్లీ నా గడపలో కనబడితే గొడ్డలితో నరికిస్తా. నీకూ చెబుతున్నానే, బడీ లేదు గిడీ లేదు. చెయ్యి అతుక్కుంటే అదే పదివేలు."

హాతీరాం ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, వంకరపోయిన హ్యాండిలును బలంగా తిప్పి తిన్నగా చేశాడు. తండా నుంచి పెట్టె తెచ్చి క్యారియరుకి కట్టాడు. అడ్డకడ్డీ లేని సైకిలు గనక కాలు తిప్పకుండా సులువుగా ఎక్కాడు.

పదింపావుకి చింతగుంపులో ఉన్నాడు. బెల్లు విని జంపక్క గుడిసెలో నుంచి నడిచి బయటికొచ్చింది, కర్ర లేకుండా. "సైకిలొచ్చింది!" అని చప్పట్లు కొట్టింది. అయిదో గోళీ మింగి, అడక్కముందే నోరు తెరిచి నాలిక ఎత్తి చూపించింది. అతను గోడ మీద తేదీ వేస్తుంటే పెన్సిలు రెండుసార్లు విరిగింది. పదకొండింటికి జీపు దిగిన ఇన్‌స్పెక్టరు అయిదిళ్ల గోడలూ చూసి, జంపక్క కంటి రెప్ప లాగి చూసి, "శభాష్. పర్మనెంటుకి నీ పేరు రాస్తా" అన్నాడు. సైకిలును కూడా చూశాడు. "ఇదేంటయ్యా, ఆడవాళ్లదా?" అని నవ్వి, జవాబు కోసం ఆగకుండా జీపెక్కాడు.

*

బుధవారం పొద్దున్న ఏన్కూరు పోతూ హాతీరాం ఆ ఇంటి ముందు దిగాడు. దిగకుండా పోవాలని ముందే అనుకున్నాడు గానీ కాళ్లే దిగాయి. ముగ్గురు మగపిల్లలు పుస్తకాల సంచులు హ్యాండిళ్లకు తగిలించుకుని అతన్ని దాటి బడివైపు పోయారు. అరుగు మీద చెంచురామయ్య పేపరు చదువుకుంటున్నాడు. పక్కన పీటమీద ప్రమీలారాణి కూర్చుని ఉంది. వెదురుబద్దలేసి కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. నిన్నటి రిబ్బన్లు అలాగే ఉన్నాయి.

"హాతీరామన్నా" అని పిలిచింది. గొంతులో కోపం లేదు. "నాన్నకి చెప్పు. నేను ఎంత దూరం తొక్కాను, ఒక్కదాన్నే?"

చెంచురామయ్య పేపరు దించాడు.

హాతీరాంకి ఆ దూరం అడుగులతో సహా తెలుసు. వేపచెట్టుకి ఇవతల నుంచి తూము దాకా. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు. నెలకో రెండు నెలలకో ఆ చెయ్యి అతుక్కుంటుంది. తొక్కడం వచ్చిన పిల్లకి సైకిలు కావాలి. ఈ వాకిట్లోకి ఏ సైకిలు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

"ఒక్కదానివి ఎక్కడ తొక్కినవ్ పాపా?" అన్నాడు, సీటు మీది దుమ్ము అరచేత్తో తుడుస్తూ. "తూము దాంక నేను పట్టుకునే ఉరికిన. అప్పుడే వదిలిన, అప్పుడే పడ్డవ్."

పిల్ల అతన్ని చూసింది. "ఓహో" అని తల దించుకుంది.

"చెప్పానా?" అన్నాడు చెంచురామయ్య, మళ్లీ పేపరెత్తుకుంటూ. "మన ఆడపిల్లలకి రాదులే అవన్నీ."

హాతీరాం సైకిలెక్కి ఏన్కూరు దారి పట్టాడు. తూము దగ్గర కంకర మీద చక్రం జారితే రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.